చేతులెత్తే పద్ధతి

ఆ వానాకాలం దాకా మా ఇంట్లో ఎవరూ ఎవరి మీదా గొంతు పెంచింది లేదు. ఆ తర్వాత మెల్లగా మాట్లాడుకోవడం మాకు చేతకాలేదు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలకు కూర్చున్నాం. నేను, మా ఆయన, మా అత్తగారు, మా తమ్ముడు. కూరగాయల మార్కెట్‌కు కొత్త భవనం కడుతుంటే తమ్ముడు అక్కడ సైట్ ఇంజనీరుగా చేరాడు. అప్పట్నుంచీ మా ఇంట్లోనే మకాం. వాడు అన్నం కలుపుకుంటుండగా ఫోన్ మోగింది. కుడిచెయ్యి ఖాళీ లేక ఎడంచేత్తో స్పీకర్ నొక్కి, ఫోన్ కంచం పక్కన పెట్టుకున్నాడు.

"రేపు పొద్దున్నే స్లాబ్ కింది సపోర్టులు తీయించెయ్" అంది ఫోన్.

పెద్ద సారు గొంతు. ఊళ్ళో ఇంజనీర్లందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. మార్కెట్ డిజైన్ ఆయనదే, పర్యవేక్షణా ఆయనదే. మా ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే.

"సార్, ఇంకా టైం ఇవ్వాలి సార్. స్లాబ్ పోసిన దగ్గర్నుంచీ ఒకటే ముసురు. కాంక్రీట్ ఇంకా పట్టుకోలేదు" అన్నాడు తమ్ముడు.

"కాంక్రీట్ గురించి నువ్వు నాకు చెప్తున్నావా?"

"అలా కాదు సార్..."

"ఓపెనింగ్ నెత్తి మీదికొచ్చింది. ఆ సపోర్టులు అడ్డంగా ఉంటే కింద ఫ్లోరింగ్ ఎప్పుడు చేస్తారు? తీయించెయ్."

"అయితే రాసిచ్చెయ్యండి సార్."

అత్తగారు గరిటె పట్టుకుని అలాగే ఆగిపోయారు.

"నా నోటి మాట చాలదా నీకు?"

"నేను తీయించను సార్. ఏమనుకోవద్దు."

"సరేలే. నువ్వు తీయించకపోతే తీసేవాళ్ళే లేరా" అని పెద్ద సారు పెట్టేశారు.

మా ఆయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నారు. "నీకేమైనా మతి పోయిందా? ఆయన నిన్నటికి నిన్న చదువుకుని వచ్చినాయన కాదు. లెక్కలేసుకోకుండా చెప్తాడా?"

"లెక్కలేసుకుంటే ఆ ముక్కే రాసివ్వమన్నాను బావా."

"పెద్దాయన్ని రాసిమ్మంటావా!"

"అడిగితే తప్పేంటిరా?" అన్నారు అత్తగారు. ఆవిడ బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. "నేను పిల్లలకి నోటితో జవాబు చెప్తే మార్కులు వేసేదాన్ని కాదు."

మా ఆయన కోపానికి కారణం నాకు తెలుసు. ఆ ఏడు సంఘంలో ఆయన్ని ఉపాధ్యక్షుణ్ణి చేస్తామని పెద్ద సారు మాటిచ్చారు. పైగా పెద్ద సారు సంతకం లేకుండా మా ఆయన సొంత ఆఫీసులోంచి ఒక్క డ్రాయింగూ కదలదు. అయినా నేను ఆ రోజు ఏమీ అనలేదు. సంఘమంటే నాకూ ప్రాణమే. మేమిద్దరం మొదటిసారి మాట్లాడుకుంది సంఘం లైబ్రరీలోనే, ట్రాన్స్‌ఫార్మర్ల మీద ఉన్న ఒకే ఒక్క పుస్తకం కోసం పోటీపడి. మొదటి శనివారం ఉపన్యాసం, ఆ తర్వాత టీలు, బిస్కెట్లు, ఎవరి డ్యామ్ ఎవరి వంతెన కన్నా గొప్పదో తేల్చే వాదనలు... మాకు చుట్టాలూ పక్కాలూ అన్నీ ఆ హాల్లోనే. తమ్ముడికి సభ్యత్వం వచ్చిన రోజు బ్యాడ్జి వాడి చొక్కాకి మా ఆయనే స్వయంగా గుచ్చారు.

మర్నాడు నేను సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉండగా ఫోన్ వచ్చింది. మార్కెట్ స్లాబ్ కూలిందన్నారు.

ఆసుపత్రి వరండా అంతా తడి చెప్పుల బురద. తమ్ముణ్ణి గోడవార బెంచీ మీద కూర్చోబెట్టారు. ఎడం భుజం విరిగింది. తల నిండా సిమెంటు దుమ్ము. నన్ను చూసి లేవబోయి లేవలేకపోయాడు.

పెద్ద సారు పొద్దున్నే, సపోర్టులు కట్టిన సెంట్రింగ్ మేస్త్రీకి ఫోన్ చేసి తీసేయమన్నారట. తమ్ముడు వెళ్ళేసరికే ఓ వైపు సపోర్టులు తీసేశారు. పైన బీమ్ మీద పగులు కనబడుతోంది. వీడు గొంతు చించుకుని అందర్నీ బయటికి తరిమాడు.

"అందరూ వచ్చేశారక్కా" అన్నాడు. "సెంట్రింగ్ చెక్కలు కొట్టే వడ్రంగాయన కూడా వచ్చేశాడు. రంపం, సుత్తీ ఉన్న సంచి లోపలుండిపోయిందని మళ్ళీ వెళ్ళాడు. నేను వెనకాలే పరిగెత్తాను. చొక్కా పట్టుకున్నాను. చేతికి దొరికింది కూడా..."

కుడి అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. పక్క గది ముందు ఒకావిడ నేల మీద కూర్చుని ఉంది. ఆ వడ్రంగి భార్య. ఏడవడం లేదు. ఎదురుగా నిలబడ్డ వాళ్ళందరి మొహాల్లోకీ ఒక్కొక్కరిగా చూస్తోంది. తమ్ముడి తలకున్న దుమ్ము చూసి మెల్లగా లేచి వచ్చింది.

"నువ్వు అక్కడి ఇంజనీరువా బాబూ?"

వాడు తలూపాడు.

"ఇంకా పచ్చిగా ఉందని మా ఆయన రాత్రి కూడా అన్నాడు. మరి తియ్యమని ఎవరు చెప్పారు?"

తమ్ముడు నోరు తెరిచేలోపు మా ఆయన వచ్చి అడ్డంగా నిలబడ్డారు. "ఇప్పుడవన్నీ ఎందుకమ్మా, ముందు జరగాల్సినవి చూడండి" అని ఆవిడ్ని పక్కకు తీసుకెళ్ళారు. తిరిగొచ్చి వరండా చివర కిటికీ దగ్గర నిలబడి ఫోన్‌లో మాట్లాడారు. "లేదు సార్. వాడేం మాట్లాడలేదు సార్. నేనిక్కడే ఉన్నాను సార్."

ఆ మూడు 'సార్'లూ నా చెవుల్లో సూదుల్లా దిగాయి.

ఆ వారంలోనే పేపర్లో సంఘం ప్రకటన వచ్చింది. అనుభవం లేని యువ ఇంజనీర్ల అత్యుత్సాహం వల్ల వృత్తికి మచ్చ వస్తోందని, సంఘం తీవ్రంగా పరిగణిస్తోందని. పోయిన మనిషి గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఆ పేపరు తీసుకెళ్ళి మా ఆయన ముందు పడేశాను.

"ఇది రాసింది ఎవరు?"

"కమిటీ."

"కమిటీలో మీరూ ఉన్నారుగా."

ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. "పేరు రాయలేదు కదా. ఊరికే జనరల్‌గా రాశారు. నాలుగు రోజులు పోతే అందరూ మర్చిపోతారు. వాడికి వేరే ఊళ్ళో ఉద్యోగం నేను చూస్తాను."

"వాడికి ఉద్యోగం కాదు కావలసింది. మీరు విన్నారు. మీ కంచం పక్కనే మోగింది ఆ ఫోన్."

"నీకు వ్యవహారం అర్థం కాదు."

"నాకు అర్థమైంది కాబట్టే ఒళ్ళు మండుతోంది."

లోపలి గదిలో తమ్ముడు భుజానికి కట్టుతో పడుకుని అంతా వింటున్నాడు. వాడికి వినబడాలనే నేను గట్టిగా అరిచాను. వాడి బావ ఏమంటారో వాడికి తెలియాలి.

ఆ నెల మొదటి శనివారం ఉపన్యాసం రద్దు చేసి సర్వసభ్య సమావేశం పెట్టారు. తమ్ముడి సభ్యత్వం సస్పెండ్ చేయాలన్నదే అంశం. సంఘం సభ్యత్వం పోతే ఊళ్ళో ఏ ప్లాన్ మీదా వాడి సంతకం చెల్లదు. అంటే చదివిన చదువు ఉన్నా లేనట్టే. వాణ్ణి రమ్మని మాత్రం పిలవలేదు. గాయంతో ఉన్నాడు కాబట్టి ఇబ్బంది పెట్టకూడదనట. ఎంత దయో!

నేను మహిళా విభాగం కన్వీనర్‌ని. ఆ విభాగం పని ఏమిటంటే వచ్చిన అతిథులకి పూలగుత్తి ఇచ్చి నవ్వడం. అంతకు ముందు ఎప్పుడూ ఆ హాల్లో మైకు అడగని దాన్ని ఆ రోజు అడిగాను. నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరైన కార్యదర్శి వేదిక మీద ఉన్నాడు. నిష్పాక్షికత కోసమని పెద్ద సారు అధ్యక్ష స్థానం వదిలి ముందు వరసలో కూర్చున్నారు. కాలు మీద కాలేసుకుని, అందరికీ కనబడేలా నిష్పాక్షికంగా కూర్చున్నారు.

"సపోర్టులు తీయమని ఆదివారం ఫోన్‌లో చెప్పారు. మా తమ్ముడు తీయనన్నాడు. ఆ మాటలు నేను విన్నాను" అన్నాను.

హాల్లో చిన్న గుసగుస. పెద్ద సారు వెనక్కి తిరిగి నన్ను చూసి జాలిగా నవ్వారు. "తోడబుట్టినదానిగా నీ బాధ మాకు అర్థమవుతుందమ్మా" అన్నారు. ఆ 'అమ్మా'లో ఉన్న మెత్తదనానికి నాకు అరికాళ్ళ దగ్గర్నుంచీ మంట లేచింది.

"బాధ కాదండీ. సాక్ష్యం చెప్తున్నాను."

"సాక్ష్యం చెప్పాల్సిన చోటు వేరే ఉంది మేడమ్" అన్నాడు కార్యదర్శి. "మనది వృత్తి సంఘం. మనకు మన గౌరవం ముఖ్యం."

"ఒక మనిషి స్లాబ్ కింద పడి చచ్చిపోతే గౌరవం ఎక్కడుందండీ? స్లాబ్ పైనుందా, కిందుందా?"

వెనక వరసల్లో ఎవరో కిసుక్కున నవ్వి వెంటనే దగ్గుగా మార్చేశారు. మైకు ఆపేశారు. మైకు లేకుండానే నేనింకా ఏదో అన్నాను. ఏమన్నానో నాకే గుర్తులేదు. పెద్దగా అన్నానని మాత్రం తెలుసు.

"చేతులెత్తే పద్ధతిన ఓటింగ్" అన్నాడు కార్యదర్శి. "అనుకూలంగా ఉన్నవాళ్ళు..."

చేతులు లేచాయి. పెద్ద సారు దగ్గర పనిచేసినవాళ్ళవి ముందు, పని చేయాలనుకుంటున్నవాళ్ళవి ఆ తర్వాత. మా పెళ్ళికి వచ్చినవాళ్ళవి, మా ఇంట్లో తిన్నవాళ్ళవి, తమ్ముడికి పరీక్షలప్పుడు నోట్స్ ఇచ్చినవాళ్ళవి. మా ఆయన నా పక్కనే ఉన్నారు. ఆయన చెయ్యి పూర్తిగా లేవలేదు. భుజం ఎత్తు దాకా వచ్చి, చెవి గోక్కోబోతున్నట్టు అక్కడే ఆగింది. కార్యదర్శి ఆ చెయ్యి కూడా లెక్కపెట్టుకున్నాడు.

ఇంటికి ఎవరి దారిన వాళ్ళం వచ్చాం. నేను వానలో నడిచి వచ్చాను. అత్తగారు తలుపు తీసి నా మొహం చూశారు. తువ్వాలు తెచ్చిచ్చారు.

"ఏమైంది?"

"తమ్ముణ్ణి తీసేశారు అత్తయ్యా."

"మరి మావాడేం చేశాడు?"

చెయ్యి ఎత్తి చూపించాను, భుజం దాకా. ఆవిడ చాలాసేపు నా చేతివంకే చూశారు. తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయారు. ఆ వారమంతా కొడుక్కి వడ్డించారు గానీ, మాట్లాడలేదు.

తమ్ముడికి చెప్పినప్పుడు వాడు నవ్వాడు. అదే నేను తట్టుకోలేకపోయాను. "పోనీలే అక్కా, బావ పరిస్థితి బావది" అన్నాడు. నేను వాడి మీద కూడా విరుచుకుపడ్డాను. "పోనిచ్చేదేముందిరా? నీ మంచితనం తగలెయ్య! నువ్వు పోనిస్తే ఆ వడ్రంగిని చంపింది నువ్వేనని రాసేస్తారు. ఆవిడ అడిగిన దానికి జవాబు ఎవరు చెప్తారు?"

వాడి నవ్వు పోయింది. మర్నాడు కట్టు భుజంతోనే వడ్రంగి ఇంటికి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను. ఇరుకు సందులో రెండు గదుల ఇల్లు. గుమ్మం పక్కన సగం చెక్కిన కిటికీ చట్రం గోడకు ఆనించి ఉంది. ఆవిడ మమ్మల్ని కూర్చోమనలేదు. తమ్ముడు నిలబడే అంతా చెప్పాడు. ఎవరు చెప్పారో, తను ఏమన్నాడో, చొక్కా ఎలా చేజారిందో.

"ఈ ముక్క ఇక్కడ చెప్తే నాకేం లాభం?" అందావిడ. "పోలీసులకి చెప్పు. పెద్దవాళ్ళు ఎక్కడ వింటారో అక్కడ చెప్పు."

ప్రభుత్వం వేసిన విచారణ అధికారి పాత కచేరీలో ఓ మూల గదిలో కూర్చునేవాడు. ముందు తమ్ముడు వెళ్ళి చెప్పి వచ్చాడు. ఆ తర్వాత నేను వెళ్ళి చెప్పాను. అంతా రాసుకుని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీవారు నిన్న వచ్చి వెళ్ళారు. భోజనాల దగ్గర ఏదో ఫోన్ వచ్చిన మాట నిజమేగానీ, ఏం మాట్లాడుకున్నారో గుర్తులేదన్నారు. మీ తమ్ముడు చెప్పేది, మీరు చెప్పేది ఒకటే. కానీ మీరిద్దరూ తోబుట్టువులు. కాల్ వచ్చిందని ఫోన్ కంపెనీవాళ్ళు చెప్తారు. ఏం మాట్లాడారో వాళ్ళు చెప్పలేరు. మేస్త్రీ నోరు మెదపడం లేదు."

నేను ఇంటికొచ్చేసరికి మా ఆయన టీ తాగుతున్నారు. కప్పు ఆయన చేతిలోంచి లాక్కుని సింకులో పారబోశాను. ఎందుకలా చేశానో తెలియదు. మొహాన కొట్టలేక అలా చేసి ఉంటాను.

"గుర్తులేదా మీకు? మీ జ్ఞాపకశక్తి ఏమైంది? మన పెళ్ళిలో ఎవరెవరు ఏం మాటన్నారో ఇప్పటికీ అప్పజెప్తారే!"

"నేను అబద్ధం చెప్పలేదు. అలా అన్నాడని చెప్పలేదు, అనలేదని కూడా చెప్పలేదు."

"అబ్బ! ఎంత జాగ్రత్తగా చెయ్యి ఎత్తారో అంత జాగ్రత్తగా నోరు కూడా విప్పారన్నమాట."

"నేనొక్కణ్ణి చెప్తే ఆయన మునుగుతాడా? నేను మునుగుతాను! ఆఫీసు మూసుకోవాలి. రేపట్నుంచి ఎవరూ గడప తొక్కరు. నువ్వూ, మీ తమ్ముడూ, మీ న్యాయం! ఇల్లు ఎవరు నడుపుతారు?"

"నేను నడుపుతాను. నాకూ ఉద్యోగం ఉంది. మీకది ఎప్పుడూ కనబడలేదు."

అత్తగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పుడొచ్చారో చూడలేదు. బయటికి వెళ్ళే చీర కట్టుకున్నారు. చేతిలో గొడుగు ఉంది.

"ఆ ఆఫీసర్ ఎన్నింటి దాకా ఉంటాడే?" అన్నారు నాతో.

మా ఆయన లేచి నిలబడ్డారు. "అమ్మా, నీకెందుకివన్నీ? ఈ వయసులో కచేరీలకి..."

"నువ్వు కూర్చోరా" అన్నారావిడ. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

విచారణ అధికారి ఆవిడకి కుర్చీ వేశాడు. ఆవిడ ఆ ఆదివారం మాటలు మొదటి నుంచి చివరి దాకా చెప్పారు. సంకోచం లేదు, ఆవేశం లేదు. పెద్ద సారు గొంతు ఎలా తగ్గిందో, ఎలా లేచిందో కూడా చెప్పారు.

"అంత కచ్చితంగా ఎలా గుర్తుందమ్మా?" అన్నాడాయన మర్యాదగా.

"లెక్కల పంతులమ్మని బాబూ. బోర్డు వైపు తిరిగి నిలబడి వెనక బెంచీ గుసగుసలు విన్నదాన్ని. స్పీకర్‌లో అరుస్తుంటే వినబడదా?"

ఆయన నవ్వాపుకున్నాడు. తర్వాత కాస్త తటపటాయించాడు. "మీ అబ్బాయి గుర్తులేదన్నారు."

అత్తగారు గొడుగు పిడి మీద రెండు చేతులూ పెట్టుకున్నారు.

"వాడికి లేదేమో" అన్నారు. "నాకుంది. రాసుకోండి."

తిరిగొచ్చే దారిలో ఆవిడ ఆటోలో రోడ్డు వైపు తిరిగి కూర్చున్నారు. నేను చెయ్యి పట్టుకోబోతే వదిలించుకున్నారు. కన్నకొడుకు మాట అబద్ధమని ఊరికి చెప్పి వస్తున్న మనిషి. ఆవిడ్ని ఓదార్చే హక్కు నాకు లేదని అప్పుడర్థమైంది.

అత్తగారు చెప్పి వచ్చారని తెలిశాక సెంట్రింగ్ మేస్త్రీ కూడా నోరు విప్పాడు. పెద్ద సారు తనకే నేరుగా ఫోన్ చేశారని ఒప్పుకున్నాడు. కేసు పెద్ద సారు మీదికి తిరిగింది. వానలు తగ్గేనాటికి ఆయన అనారోగ్య కారణాల వల్ల అధ్యక్ష పదవికి రాజీనామా చేశారు. ఆయన సేవలను కొనియాడుతూ సంఘం తీర్మానం కూడా చేసింది! అది చదివి నేను పళ్ళు కొరుక్కున్నాను.

మా ఇంట్లో పనులు మామూలుగానే జరుగుతున్నాయి. మా ఆయన హాల్లో పడుకుంటున్నారు. తమ్ముడికి పక్క ఊళ్ళో టెస్టింగ్ ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. మా ఆయన చూసింది కాదు, వాడే వెతుక్కున్నాడు.

చివరికి సంఘం నుంచి కబురొచ్చింది. తమ్ముడి సస్పెన్షన్ ఎత్తేస్తున్నామని, శనివారం సమావేశానికి రమ్మని. వాడు రానన్నాడు. "నువ్వు వస్తున్నావ్" అన్నాను. అత్తగారు కూడా బయల్దేరారు. మా ఆయన మాకన్నా ముందే వెళ్ళి మా కోసం కుర్చీలు పట్టి ఉంచారు.

కార్యదర్శి తమ్ముణ్ణి వేదిక మీదికి పిలిచాడు. కొన్ని అపార్థాలు జరిగాయని, సంఘం పెద్ద కుటుంబమని, కుటుంబంలో ఇలాంటివి మామూలేనని చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు. బాగా గట్టిగా, బరువు దిగినట్టు కొట్టారు. ఆ చప్పట్లు వింటూ కూర్చోవడం ఆ రోజు ఓటింగ్ చూస్తూ కూర్చోవడం కన్నా కష్టంగా ఉంది.

"రెండు మాటలు మాట్లాడు బాబూ" అన్నాడు కార్యదర్శి.

తమ్ముడు మైకు ముందు నిలబడ్డాడు. వాడికి పదిమందిలో మాట్లాడటం ఎప్పుడూ రాదు.

"ఈ హాల్లో ఏ సభ్యుడు పోయినా మనం లేచి ఒక నిమిషం మౌనం పాటిస్తాం" అన్నాడు. "ఆ వడ్రంగాయన కోసం ఇంతవరకూ ఎవరూ లేవలేదు. ఆయన సభ్యుడు కాదు కాబట్టి కావచ్చు. ఇప్పుడు లేవండి."

అడగలేదు. లేవమన్నాడు.

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ముందు వరసలో ఎవరో లేచారు. తర్వాత కుర్చీలన్నీ గరగరమని వెనక్కి జరిగాయి. నేను లేచాను. అత్తగారు ముందు కుర్చీ పట్టుకుని లేచారు. మా ఆయన తల బాగా వంచి, కళ్ళు మూసుకుని నిలబడ్డారు.

నిమిషం అయిందని కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు. అందరూ కూర్చున్నారు. మా ఆయనా కూర్చున్నారు. వేదిక మీద తమ్ముడు కదల్లేదు. నేనూ కూర్చోలేదు. నా పక్కన అత్తగారు ముందు కుర్చీ వీపు మీద చేతులు ఆనించుకుని అలాగే ఉన్నారు.

మా ఆయన తలెత్తి వాళ్ళమ్మని చూశారు, నన్ను చూశారు. "కూర్చోండి, అందరూ చూస్తున్నారు" అన్నారు, పెదవులు కదిలీ కదలకుండా.

"కూర్చోండమ్మా" అన్నాడు కార్యదర్శి మైకులో. "తర్వాతి అంశం ఉంది."

"మీరు కానివ్వండి" అన్నాను. "మాకింకా అవలేదు."